ఉద్దానపు ఎముకలను గూర్చి: వైద్య, ఆరోగ్య శాఖామాత్యులకు బహిరంగ లేఖ

సంతబొమ్మాళి,
శ్రీకాకుళము జిల్లా.

ఆంధ్రప్రదేశ్ వైద్య, ఆరోగ్య, కుటుంబ సంక్షేమ శాఖామాత్యుల సముఖమునకు

ఆర్యా,

నౌపడ ఉప్పుమళ్ళు గల, టెక్కలి పట్టణమునకు పొరుగైన, సముద్రపు గాలి ఉప్పును మోసికొనివచ్చి ఇంటి తలుపుల గొళ్ళెములను సైతము తినివేయు ఈ సంతబొమ్మాళి మండలమునుండి నేను వ్రాయుచున్న ఈ లేఖ మూత్రపిండములను గూర్చినది కాదు. మా జిల్లాలో ఉద్దానమను తోటల ప్రాంతమును పీడించు మూత్రపిండవ్యాధిని గూర్చి మీ శాఖకు చేరిన వినతిపత్రములు, పత్రికలలో వెలువడిన వ్యాసములు, సభలలో సాగిన చర్చలు లెక్కకు మిక్కిలిగా ఉన్నవి. అవి వృథా యైనవని చెప్పువాడను కాను. మూత్రపిండములు చెడినవారి దేహములో వానితోపాటు, ఎవ్వరి కంటికిని కానరాకుండ, ఏండ్ల తరబడి శిథిలమగుచున్న ఎముకలను గూర్చి మీకు విన్నవించుటకే కలము పట్టితిని.

నాకు పెదతండ్రి వరుస యైన ఒక పెద్దాయన వజ్రపుకొత్తూరు వైపు తోటలలో కొబ్బరికాయలు దింపి బ్రతికినవాడు. కాళ్ళకు బంధము తగిలించుకొని ఆయన నిట్టనిలువు చెట్టు ఎక్కుచుండగా క్రింద నిలిచి తలలెత్తి చూచు మా పిల్లలకు మెడలు పట్టెడివి గాని ఆయన కాలు ఏనాడును తడబడలేదు. 2018 అక్టోబరు 11వ తేదీ తెల్లవారుజామున తిత్లీ తుపాను ఉద్దానపు తోటలను నేలపై పరచిన పిమ్మట ఎక్కుటకు చెట్లే తక్కువైనవి. ఆపై కొన్నాళ్ళకు ఆయనకు కాళ్ళు పొంగినవి, అన్నము సహింపకపోయెను, రక్తపరీక్షలో క్రియాటినిన్ మితిమీరినదని తేలెను, డయాలసిస్ మొదలాయెను. రెండవ యేటినుండి నడుములోను, తుంటిలోను, మడమలలోను నొప్పి. "ఒరే నాయినా, ఎముకల్లో పురుగు తొలుస్తన్నట్టుంటాదిరా. పొద్దు గూకితే సాలు, కన్నంటుకోనివ్వదు" అని ఆయన నాతో ఎన్ని మారులు చెప్పెనో లెక్కలేదు. ఆయన వెళ్ళు కేంద్రములో చెప్పినచో "డయాలసిస్ అన్నాక నొప్పులుంటాయి" అనిరి. ఊరిలోని ఆర్‌.ఎం.పి. వైద్యునితో చెప్పినచో సూది వేసెను. నాలుగవ యేట ఒక రాత్రి నులకమంచముపై ప్రక్కకు ఒత్తిగిలినంతనే ఆయన తొడయెముక ఎండుకమ్మవలె విరిగిపోయెను. పడలేదు, జారలేదు, ఎవ్వరును తాకలేదు, కేవలము ఒత్తిగిలెను.

శస్త్రవైద్యుడు ఎక్స్‌రే చిత్రమును వెలుతురునకు ఎత్తి చూపినపుడు, తెల్లగా దట్టముగా ఉండవలసిన ఎముక, పలుమారులు ఉతికిన గావంచావలె పలుచబడి, అంచులు చివికి, నడుమనడుమ గుల్లలు పడి కనబడెను. ఆయన వెంటనే పారాథైరాయిడ్ అను హార్మోనును కొలుచు రక్తపరీక్ష వ్రాసి యిచ్చెను. ఆరోగ్యవంతునకు సుమారు 65 దాటరాని ఆ హార్మోను మా పెదతండ్రిగారిలో 2,000 దాటియుండెను. నాలుగేండ్లు వారమునకు మూడు మారులు సూదులు గుచ్చి ఆయన రక్తమును యంత్రములో త్రిప్పిరి. అందులో రెండు చుక్కలు తీసి ఈ ఒక్క పరీక్షకు ఎవ్వరును పంపలేదు. ఆ కేంద్రము పేరు నేనిక్కడ చెప్పను. ఒకరిద్దరిపై నేరము మోపుటకు ఈ లేఖ వ్రాయుట లేదు. ఆ పరీక్షను ఎవ్వరును మరచిపోజాలని నియమముగా చేయుడని అడుగుటకు వ్రాయుచున్నాను.

మా పెదతండ్రిగారికి వచ్చిన వ్యాధి ఎట్టిదో తెలిసికొన్న తరువాత నాకు కలిగిన మొదటి భావము ఆశ్చర్యము. మూత్రపిండము మూత్రమును చేయు అవయవమని బడిలో చదివితిమి. అది ఎముకలకు కోశాధికారి అని మాకెవ్వరును చెప్పలేదు. మన దేహములోని కాల్షియములో నూటికి 99 వంతులు ఎముకలలోనే నిక్షిప్తమై యున్నది; రక్తములో తిరుగాడు ఆ మిగిలిన స్వల్పాంశముతోనే గుండె కొట్టుకొనవలెను, కండరము ముడుచుకొనవలెను, నాడి పలుకవలెను. కావున ఆ స్వల్పాంశము తరుగకుండ చూచుటకు ప్రకృతి మెడలో, థైరాయిడ్ గ్రంథి వెనుక, బియ్యపుగింజలంతటి నాలుగు చిన్న గ్రంథులను కావలి యుంచినది. 1880లో స్వీడను దేశమున ఉప్సాలా విశ్వవిద్యాలయమందు ఐవార్ సాండ్‌స్ట్రోమ్ అను వైద్యవిద్యార్థి మానవదేహములో వానిని వివరించువరకు అవి యున్నవన్న సంగతియే లోకమునకు సరిగా తెలియదు. రక్తములో కాల్షియము తగ్గినదని తోచినంతనే ఈ గ్రంథులు పారాథైరాయిడ్ హార్మోనును విడుదల చేయును. ఆ హార్మోను ఎముకను కరగించి కాల్షియమును రక్తములోనికి తెచ్చును. అక్కర తీరినంతనే గ్రంథులు విశ్రమించును. ఆరోగ్యవంతునిలో ఇది పొలమునకు నీరు కట్టి తూము మూసినట్టి వ్యవహారము.

మూత్రపిండము చెడినవానిలో ఆ తూము మూతపడదు. మనము తిన్న అన్నములోని ఫాస్ఫరస్‌లో అక్కరకు మించిన దానిని మూత్రముతో బయటికి పంపవలసినది మూత్రపిండమే. అది పంపజాలనపుడు ఫాస్ఫరస్ రక్తములో నిలిచిపోవును. మఱియు ఎండ తగిలిన చర్మములో పుట్టి, కాలేయములో ఒక మార్పు పొందిన విటమిన్ డి, పనికివచ్చు తుదిరూపమును పొందునది మూత్రపిండములోనే. ఈ సత్యమును 1970లో కేంబ్రిడ్జి యందు ఫ్రేజర్, కోడిచెక్ అను శాస్త్రజ్ఞులు వెల్లడించిరి. నౌపడ ఉప్పుమళ్ళలో ఉదయము మొదలు సాయంకాలమువరకు నడినెత్తిన సూర్యుని మోయు కూలివాని చర్మమునకు ఎండ కొదవయా? అయినను, మూత్రపిండము చెడినపిమ్మట, ఆ ఎండ అంతయు అతని ఎముకకు చేరదు. విటమిన్ డి లేక ప్రేగులు కాల్షియమును పీల్చుకొనవు. రక్తములో కాల్షియము తరుగును, ఫాస్ఫరస్ పెరుగును. మెడలోని కావలివాండ్రు రాత్రింబవళ్ళు కేకలు వేయుచు, ఉబ్బి, ఉసిరికాయలంతటి గడ్డలై, ఎముకను త్రవ్వుచునే యుందురు. త్రవ్విన చోట నారవంటి మెత్తని పదార్థము నిండును. వెన్నుపూసలు క్రుంగి మనిషి పొట్టివాడగును, వీపు గూనుపడును, ప్రక్కటెముకలు వంగును. మిక్కిలి ముదిరినవారిలో దవడయెముకలు ఉబ్బి ముఖము ఆకారమే మారిపోవును. ఇంకను దారుణమైన సంగతి ఒకటి కలదు: ఎముకలనుండి తరలిన కాల్షియము, బయటికి పోలేని ఫాస్ఫరస్‌తో కూడి రక్తనాళముల గోడలలో సున్నమువలె పేరుకొనును. డయాలసిస్ రోగులు పెక్కుమంది చివరకు గుండెజబ్బుతో కన్నుమూయుటకు గల హేతువులలో ఇది ముఖ్యమైనది. మూత్రపిండ వైద్యుల అంతర్జాతీయ సంఘమొకటి 2006లో ఈ ఎముకల చేటును, ఈ ధాతువుల తారుమారును, ఈ నాళముల గట్టిపాటును కలిపి ఒకే వ్యాధిగా గుర్తించి దానికొక పేరు పెట్టినది. పేరుతో మనకు పని లేదు. అవి మూడును ఒక్కటేనను సంగతితో పనియున్నది.

పెద్దవయసువారి ఎముకలను బలహీనపరచి వంకరపుచ్చు వ్యాధులు లోకమున మరికొన్ని కలవు. లండనులో సర్ జేమ్స్ పేజెట్ అను శస్త్రవైద్యుడు 1877లో వర్ణించిన వ్యాధిలో రోగి కాళ్ళు విల్లువలె వంగి, పుఱ్ఱె పెరిగి, ఏటేటా పెద్ద టోపీ కొనవలసివచ్చెనట. అది మన దేశమున అరుదు. మనకు అరుదు కానివి రెండు: నీటిలోని ఫ్లోరైడు వలన వచ్చునది ఒకటి, చెడిన మూత్రపిండము వలన వచ్చు ఈ రెండవది. మొదటిదానిని గూర్చి తెలుగునాట శాస్త్రజ్ఞులు 1937 నుండియు ఎరుగుదురు. నాటి నెల్లూరు జిల్లాలోని పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతముల ప్రజల బిగిసిన వెన్నులను, కదలని మెడలను షార్ట్, మెక్‌రాబర్ట్ మొదలగు వైద్యులు పరీక్షించి ఆ యేట ప్రకటించిరి. నల్లగొండ జిల్లా ప్రజల వంగిన కాళ్ళ చిత్రములు దేశమంతటను ప్రచురితములైనవి. వాజపేయిగారు ప్రధానిగా ఉన్న కాలమున ఆ జిల్లా ఉద్యమకారులు అంశల స్వామి అను బాధితుని ఢిల్లీకి మోసికొనిపోయి ఆయన యెదుట బల్లపై ఉంచిరి; ఏ గణాంకమును చెప్పజాలని సంగతిని ఆ చిన్ని దేహము చెప్పెను. అక్కడ వ్యాధి కంటికి కనబడినది. కనబడినందున నీరు, ఎంత ఆలస్యముగానైనను, కదలివచ్చినది. ఉద్దానములో ఎముక వంగునాటికి రోగి మంచము పట్టియుండును, లేదా మరణించియుండును. అతని వంగిన వెన్నును చూచినవారు ఇంటివారు తప్ప వేరెవ్వరును ఉండరు.

మా ప్రాంతమునకు జరిగిన మేలును కాదనుట కృతఘ్నత యగును. ఇచ్ఛాపురము, కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలములలోని 807 ఊళ్ళకు హిరమండలము జలాశయమునుండి వంశధార నీటిని తెచ్చు పథకమును, పలాసలో 200 పడకల ఆసుపత్రిని, దానితోడి పరిశోధనాకేంద్రమును 2023 డిసెంబరు 14వ తేదీన ప్రారంభించిరి. డయాలసిస్ రోగికి నెలకు 10,000 రూపాయల పింఛను ముట్టుచున్నది. ఈ వ్యాధికి మూలమేమో తేల్చుటకు దేశవిదేశముల పండితులు వచ్చిరి. ఉద్దానమునే నమ్ముకొని శ్రమించిన డాక్టర్ టి. రవిరాజుగారు, ఆయన సహచరులు 2,210 మందిని పరీక్షించి 2019లో ప్రకటించిన అధ్యయనములో వయోజనులలో నూటికి 18 మందికి పైగా మూత్రపిండవ్యాధి కనబడెననియు, వారిలో చాలమందికి మధుమేహాది పరిచిత కారణములేవియు లేవనియు తేలినది. నీటిలోని సిలికా అనియు, పురుగుమందులనియు, ఎండలో నీరు త్రాగక చేయు చాకిరి యనియు, నొప్పిబిళ్ళలనియు పలువురు పలువిధములుగా తలచుచున్నారు. మూలము నేటికిని తేలలేదు. శ్రీలంక ఉత్తర మధ్య రాష్ట్రములోను, మధ్య అమెరికాలోని చెరకుతోటలలోను ఇట్టి వ్యాధియే వ్యవసాయ కూలీలను పట్టి పీడించుచున్నది. మూలము తేలువరకు పరిశోధకులు వేచియుండవచ్చును. ఎముకల చేటుకు మూలము మాత్రము తేలియే యున్నది, మందును ఉన్నది. అక్కడ వేచియుండుటకు హేతువు నాకు కానరాదు.

ఒక విచిత్రమును తమకు విన్నవింపవలెను. అక్షరము రాని ముసలమ్మలకు సైతము మా ఊళ్ళలో 'క్రియాటిన్' అను మాట తెలియును. రచ్చబండ దగ్గర కూర్చున్నవాడు ఎదురువచ్చినవానిని "నీకెంతుంది?" అని అడిగినచో అది ఏ లెక్కయో వేరుగా చెప్పనక్కరలేదు. "ఏడు పాయింటు రెండు" అని బదులు వచ్చును. ఫాస్ఫరస్ ఎంత యని అడిగి చూడుడు. ఆ మాటయే వినలేదందురు. ఈ సందర్భమున నాకు యల్లాప్రగడ సుబ్బారావుగారు జ్ఞప్తికి వచ్చి మనస్సు కలతపడుచున్నది. 1895లో భీమవరమున పుట్టి, పేదరికముతో పెనగులాడి, సముద్రములు దాటి హార్వర్డు చేరిన ఆ మహనీయుడు సైరస్ ఫిస్కేతో కూడి 1925లో ప్రకటించిన మొదటి గొప్ప పని ఏదో తమకు విదితమే: రక్తములోను మూత్రములోను ఉన్న ఫాస్ఫరస్‌ను నీలిరంగు చిక్కదనమునుబట్టి కొలుచు సులువైన పద్ధతి. ఫిస్కే, సుబ్బారావుల పద్ధతి యను పేరుతో అది ప్రపంచమందలి ప్రయోగశాలలన్నింట ప్రవేశించినది. రక్తములో ఫాస్ఫరస్‌ను సులువుగా కొలుచు విద్యను లోకమునకు నేర్పినవారిలో ఒకడు తెలుగువాడు. అది జరిగి నూరేండ్లు గడచిన పిమ్మట, తెలుగునేలపై నాలుగేండ్లు డయాలసిస్ చేయించుకొన్న ఒక కొబ్బరిచెట్ల కూలివాని రక్తములో ఫాస్ఫరస్ ఎంతయో ఎవ్వరును చూడలేదు. ఇది వ్రాయుచుండగా నా చేయి వణకుచున్నది.

ఇక సూదిని గూర్చి. నొప్పిని భరింపజాలనివాడు ఉపశమనము కోరుట నేరము కాదు. కాని ఆర్‌.ఎం.పి. వైద్యుడు వేయు డైక్లోఫెనాక్ సూదియు, కిరాణాకొట్టులో సైతము దొరకు నొప్పిబిళ్ళయు, మూత్రపిండములో మిగిలియున్న కొద్దిపాటి శక్తిని సైతము హరించును. ఈ విషవలయమును తాము ఒక్కమారు మనస్సున చిత్రించుకొనుడు: మూత్రపిండము కొంత చెడినది, అందువలన ఎముకలు నొప్పిపెట్టుచున్నవి, నొప్పికి సూది, సూదివలన మూత్రపిండము మరికొంత చెడినది, అందువలన ఎముకలు మరింత నొప్పి. ఎముకల చేటు డయాలసిస్‌తో మొదలగునది కాదు. మూత్రపిండపు శక్తి సగము తరిగిన దశలోనే, రోగికి తాను రోగి యని తెలియకముందే, లోలోపల ఆరంభమగును. కవిటి దగ్గరి తోటలో జీడిపిక్కలు ఏరు స్త్రీ, భావనపాడు రేవులో చేపలగంప నెత్తుకొను స్త్రీ, నడుము పట్టినదని చెప్పి సూదికొరకు అరుగుపై కూర్చున్నపుడు, ఆ నడుమునొప్పి వెనుక ఏమున్నదో చూచుటకు రక్తపరీక్ష ఒక్కటే మార్గము. సూది వేయువానికి ఆ అనుమానమే రాదు. వచ్చునట్లు చేయవలసినవారు మీరు.

నీటివలన మూత్రపిండములు, మూత్రపిండములవలన ఎముకలు చెడిన ఒక కథ జపానులో జరిగినది. తోయామా ప్రాంతమున జింజూ నది నీటితో వరి పండించుకొను పల్లెలలో, బిడ్డలను కని వయసుమళ్ళిన స్త్రీలు నడుము వంగి, దగ్గినంతనే ప్రక్కటెముక విరిగి, "ఇతాయ్, ఇతాయ్" అని మూలుగుచుండిరి. మన భాషలో "అబ్బా, నొప్పి, నొప్పి" అని దాని అర్థము. ఆ మూలుగే వ్యాధికి పేరాయెను. పైన కామియోకా గనినుండి నదిలో కలిసిన కాడ్మియము వరిగింజలో చేరి, మూత్రపిండములను చెరచి, వాని ద్వారా ఎముకలను మెత్తపరచినదని కనుగొన్నవారిలో అగ్రగణ్యుడు, రాజధానిలోని పండితుడు కాదు, హగినో నొబోరు అను స్థానిక వైద్యుడు. ఆయన తన యెదుట కూర్చున్న పల్లెస్త్రీల మూలుగును వయసుపైకి నెట్టివేయలేదు. జపాను ప్రభుత్వము 1968లో దానిని కాలుష్యజనిత వ్యాధిగా అంగీకరించినది. 1971లో న్యాయస్థానము గని యజమానులదే బాధ్యత యని తీర్పు చెప్పినది. మా నీటిలోను కాడ్మియమే యున్నదని నేనిట్లు సూచించుట లేదు. ఆ నిర్ణయము పరిశోధకులది. నొప్పిని నమోదు చేసిన వైద్యుడు లభించినందున ఒక జాతికి సత్యము తెలిసినదని మాత్రమే నా మనవి. ఉద్దానములో ఎందరికి ఎముకలు విరిగినవి, ఎందరు కుంగి పొట్టివారైరి, ఎందరు నొప్పిసూదులతో మూత్రపిండములను ముందుగా పోగొట్టుకొనిరి అను లెక్క వ్రాయు పుస్తకమొకటి పలాస పరిశోధనాకేంద్రములో తెరువబడవలెను.

ఆహారమును గూర్చి రెండు మాటలు చెప్పక తప్పదు, ఏలయన ఉద్దానపు రోగి పడు వేదనలో ఇది మిక్కిలి క్రూరమైన భాగము. కొబ్బరితోటలో పుట్టి పెరిగినవానికి కొబ్బరినీరు నిషిద్ధము, అందులోని పొటాషియము అతని గుండెను ఆపివేయగలదు గనుక. జీడితోటలో పనిచేయువానికి జీడిపప్పు కూడదు. ఎండుచేప కూడదు, అందులో ఉప్పును ఫాస్ఫరసును రెండును మిక్కుటము. ఎముకలకు బలమని ఇంటి ఇల్లాలు ప్రేమతో కాచి యిచ్చు చోడి అంబలి సైతము కొలతమీరినచో చేటే. అట్లని పప్పు, గ్రుడ్డు, చేప అన్నియు మాన్పించినచో డయాలసిస్‌లో మాంసకృత్తులు కోలుపోవు రోగి క్షీణించి చచ్చును. ఏది ఎంత తినవలెనో, ఏ చేపను ఎట్లు వండవలెనో, మా భాషలో, మా కూరల పేర్లతో, ఇంటి ఆడవారిని కూర్చుండబెట్టి చెప్పగల ఆహారనిపుణురాలు ఒక్కొక్క కేంద్రమునకు ఒకతె కావలెను. పట్నపు ఆసుపత్రిలో అచ్చొత్తి యిచ్చు కాగితములో ఓట్సును, బ్రకోలీయు ఉండును. మా సంతలో అవి దొరకవు. అన్నముతో కూడ మ్రింగినచో ఫాస్ఫరస్‌ను ప్రేగులోనే పట్టి బయటికి పంపు మాత్రలు కలవు: కాల్షియం ఎసిటేట్, సెవెలమర్ అని వాని పేర్లు. వానిని ప్రతిపూట అన్నము నడుమనే మ్రింగవలెను, పరగడుపున మ్రింగినచో నిష్ఫలము. ఈ చిన్న సంగతి చెప్పక మాత్ర లిచ్చినందువలన లాభము లేదు, మాత్ర లీయక సంగతి చెప్పినందువలనను లాభము లేదు. నెలనెలా వానిని కొనుటలో పింఛను సొమ్ములో ఎంత భాగము హరించుకుపోవునో ఆ యింటివారిని అడిగిన తెలియును.

ఇక్కడ ఒక హెచ్చరిక చేయుట నా విధి. ఈ లేఖ చదివి, "ఎముకలు బలహీనమైనవా, అట్లయినచో అందరికిని కాల్షియము బిళ్ళలు పంచుడు" అని ఎవ్వరైనను ఆజ్ఞ వ్రాసినచో మేలుకు బదులు కీడు కలుగును. రక్తపరీక్ష లేకుండ పోసిన కాల్షియము ఎముకకు పోక రక్తనాళముల గోడలకు పోవును. అతిగా అణచివేసినచో మెడ గ్రంథులు మూగబోయి, ఎముక తనను తాను పునర్నిర్మించుకొను పనియే మానివేసి, వేరొక విధముగా పెళుసుబారును. అందుచేతనే పైన చెప్పిన అంతర్జాతీయ వైద్యసంఘము 2009లో ప్రకటించి 2017లో సవరించిన మార్గదర్శకములు, డయాలసిస్ రోగికి కాల్షియము, ఫాస్ఫరస్ ఒకటి మొదలు మూడు నెలలలోపునను, పారాథైరాయిడ్ హార్మోను మూడు మొదలు ఆరు నెలలలోపునను కొలువుడని, ఒక్క సంఖ్యను చూచి మందు మార్పక వరుస సంఖ్యల నడకను చూచి మార్పుడని చెప్పుచున్నవి. అనగా మా రోగికి ముందుగా కావలసినది మందు కాదు, లెక్క.

కావున అమాత్యవర్యా, టెక్కలి, పలాస, సోంపేట, కవిటి మొదలుకొని రాష్ట్రమందలి ప్రతి డయాలసిస్ కేంద్రములోను పై పరీక్షలు ఉచితముగా, తప్పనిసరిగా, పైన చెప్పిన వ్యవధిలో జరుగునట్లును, వాని ఫలితములు రోగి చేతి పుస్తకములో క్రియాటినిన్ ప్రక్కనే వ్రాయబడునట్లును, యంత్రములు నడుపు సంస్థలతో చేసికొను ఒప్పందములలోనే ఈ నియమమును చేర్పింపవలసినదిగా ప్రార్థించుచున్నాను. ఫాస్ఫరస్‌ను పట్టు మాత్రలను, విటమిన్ డి తుదిరూపపు మందును, గ్రంథులను శాంతింపజేయు సినాకాల్సెట్‌ను ఉచిత మందుల పట్టికలో ఉంచుడు. మందులకు లొంగని గ్రంథులను తొలగించు శస్త్రచికిత్స విశాఖకు పరుగెత్తనక్కరలేకుండ పలాసలోనే జరుగునట్లు శస్త్రవైద్యుని నియమింపుడు. ఆశా కార్యకర్తలకు ఒక్క ప్రశ్న నేర్పుడు: "నడుమునొప్పికి సూదులు వేయించుకొంటున్నారా?" ఔనన్న ప్రతివారి రక్తమును పరీక్షింపుడు. ఆర్‌.ఎం.పి. వైద్యులను దండించుటకంటె పిలిచి కూర్చుండబెట్టి చెప్పుట ఎక్కువ ఫలమిచ్చునని నా నమ్మకము. రాత్రి రెండుగంటలకు పిలిచినను వచ్చువారు మా ఊళ్ళలో వారే.

మా సంతబొమ్మాళి మండలమును గూర్చి ఒక్క మాట. మేము ఏడు మండలముల ఉద్దానములో చేరము. పటముపై గీత మాకు ఆవల ఆగిపోయినది. కాని వ్యాధి గీతను చూచి ఆగునది కాదు. మా కూలీలు ఆ తోటలలో పనిచేసిరి, మా ఆడపడుచులను ఆ ఊళ్ళకు ఇచ్చితిమి, వారి ఆడపడుచులను తెచ్చుకొంటిమి. టెక్కలి నియోజకవర్గపు పల్లెలలో మూత్రపిండవ్యాధి ఎంతవరకు వ్యాపించినదో ఇంటింటికి తిరిగి పరీక్షించి మాకును తెలియజేయవలసినదిగా కోరుచున్నాను.

మా పెదతండ్రిగారి తొడలో ఇప్పుడు ఉక్కుకడ్డీ యున్నది. ఆయనను వారమునకు మూడు మారులు ఆటోలో పండుకొనబెట్టి తీసికొనిపోవుచున్నాము. గోతులలో ఆటో అదరినపుడెల్ల ఆయన పండ్లు బిగించి నా చేయి పట్టుకొనును. మొన్న ఆయన ప్రక్క మంచముపై ఇరువదియారేండ్ల యువకుడు పండుకొనియుండెను. డయాలసిస్ మొదలై మూడు నెలలైనదనియు, కొన్నాళ్ళుగా మడమలు నొప్పిపెట్టుచున్నవనియు నాతో చెప్పెను. ఫాస్ఫరస్ చూపించితివా అని అడిగితిని. అదేమిటని అడిగెను. ఆ పరీక్షను అతనికి ఈ నెలలోనే చేయింపుడు.

ఇట్లు,
భవదీయ విధేయుడు,
సంతబొమ్మాళి మండల వాసి యొకడు